పాతర మీది రాయి

పిల్లలూ, ఇది ఇప్పటి మాట కాదు. అనగనగా అని కథ మొదలుపెట్టే మన ముత్తవ్వలు కూడా పుట్టని కాలం నాటి మాట. అప్పట్లో వీరనందిపురం అనే రాజధాని ఉండేది. ఆ ఊళ్ళో నాగిశెట్టి అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. అతని అంగట్లో పట్టుచీరలు, జరీ పంచెలు, రాణివాసానికి వెళ్ళే సన్నని సెల్లా బట్టలు ఉండేవి. ఇంట్లో మాత్రం ఒక్కడే కొడుకు. ఎనిమిదేళ్ళవాడు. పేరు చెన్నడు. తల్లి లేని పిల్లవాడు గనక నాగిశెట్టి వాణ్ణి కళ్ళలో పెట్టుకుని పెంచాడు. అడిగినదల్లా కొనిచ్చేవాడు. అయితే వాడి మాట వినే తీరిక ఆయనకు ఎప్పుడూ ఉండేది కాదు.

ఆ ఊళ్ళో బడి నడిపేది మార్కండేయులు అయ్యవారు. పెద్ద పండితుడు. విజయకేతు మహారాజు చిన్నతనంలో ఆయన దగ్గరే చదువుకున్నాడు. అందుచేత అయ్యవారు వీధిలో వస్తుంటే పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా చెప్పులు విడిచి పక్కకు తప్పుకునేవారు. తన కొడుకును ఆ బడిలో చేర్చుకున్న రోజున నాగిశెట్టి వీధి వీధంతా బెల్లం పంచాడు.

బడి జరిగేది పాత ధాన్యపు కొట్టు వసారాలో. ఆ కొట్టు వెనక పెరట్లో ఒక పాతర ఉండేది. పాతరంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్విన లోతైన గొయ్యి. పైన మూతి ఇరుకు, లోపల కడుపు వెడల్పు. మూతి మీద ఒక బండరాయి. ధాన్యం పోయడం మానేసి చాలాకాలమైంది. అడుగున కుళ్ళిన పొట్టు, తేమ, చీకటి మాత్రం మిగిలాయి.

ఒకనాడు నాగిశెట్టి అంగట్లో బట్ట కొలుస్తున్నాడు. ఎదురుగా బేరగాళ్ళు కూర్చున్నారు. చెన్నడు బడి నుంచి వచ్చి తండ్రి మోకాలు పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, ఇవాళ అయ్యవారు నన్ను పాతరలో దింపారు."

నాగిశెట్టి బట్ట మీద నుంచి చూపు తిప్పలేదు. "ఎందుకు దింపారు?"

"పద్యం అప్పజెప్పలేకపోయాను."

"అయితే రేపు సరిగ్గా అప్పజెప్పు. అప్పుడు దింపరు."

బేరగాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఒకాయన, "మమ్మల్ని దూలానికి కట్టి వేలాడదీసేవారు. ఈ కాలపు పిల్లలు సుకుమారులు" అన్నాడు. నాగిశెట్టి కూడా నవ్వాడు. చెన్నడు ఇంకేదో చెప్పబోయి, మోకాలు వదిలి లోపలికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు అన్నం తినేటప్పుడు నాగిశెట్టి కొడుకు చేతులు చూశాడు. గోళ్ళు విరిగి ఉన్నాయి. వేళ్ళ చివర్లు చెక్కుకుపోయాయి.

"ఇదేమిట్రా?" అని అడిగాడు.

"పైన రాయి మూసేస్తారు నాన్నా. లోపల ఊపిరాడదు. గోడ పట్టుకుని ఎక్కబోయాను. లింగణ్ణి నాకంటే ఎక్కువసేపు ఉంచుతున్నారు. వాడు బయటికి వచ్చాక నడవలేకపోతున్నాడు."

లింగడు చెన్నడి జతగాడు. చాపలల్లే ఓబమ్మ కొడుకు. ఆమెకూ వాడొక్కడే.

ఈసారి నాగిశెట్టి గుండె కాస్త కలుక్కుమంది. మర్నాడు పళ్ళెంలో తమలపాకులు, పళ్ళు పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళాడు. పిల్లలందరూ చూస్తుండగా అయ్యవారికి నమస్కరించి, "మావాడు ఏదో అంటున్నాడండి. పాతర అంటాడు, రాయి అంటాడు. నాకేమీ అర్థం కావడం లేదు" అన్నాడు.

అయ్యవారు చిరునవ్వు నవ్వారు. "చీకటంటే పిల్లలకు భయం, శెట్టిగారూ. ఆ భయం పోగొట్టడానికే కాసేపు దింపుతాను. కావాలంటే నా ఎదుటే వాణ్ణి అడగండి. ఏరా చెన్నా, నీకు అక్కడ ఏమైనా అయిందా?"

చెన్నడు అయ్యవారి కాళ్ళ వైపు చూశాడు. తర్వాత తండ్రి వైపు చూశాడు. తండ్రి ముఖంలో ఈ వ్యవహారం త్వరగా తేలిపోతే బాగుండునన్న ఆత్రం తప్ప మరేమీ కనిపించలేదు.

"ఏమీ కాలేదండి" అన్నాడు.

నాగిశెట్టి తేలికపడ్డాడు. కొడుకు చేత అయ్యవారి కాళ్ళు మొక్కించాడు. పళ్ళెం అక్కడ పెట్టి అంగడికి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరగకముందే చెన్నణ్ణి పాతరలోకి దింపారు.

ఆ తర్వాత చెన్నడు ఇంట్లో బడి మాట ఎత్తడం మానేశాడు. తండ్రి పిలిస్తే పలికేవాడు, అంతే. గది తలుపు మూస్తే మాత్రం లేచి వచ్చి తెరిచేవాడు. అన్నం గడప మీద కూర్చుని తినేవాడు. ఇదంతా నాగిశెట్టి చూస్తూనే ఉన్నాడు. కొడుకు దారిన పడ్డాడనీ, పెద్దరికం వస్తోందనీ అనుకున్నాడు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం. నాగిశెట్టి అంగటికి రాణివాసం నుంచి దాసీలు వచ్చారు. పెళ్ళి బట్టలు కావాలన్నారు. అంగడంతా పరిచిన చీరలే. అప్పుడు చెన్నడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా మట్టి.

"నాన్నా, లింగడు పాతరలో ఉన్నాడు. రాయి మూసి అయ్యవారు కోటకు వెళ్ళిపోయారు. అందరం కలిసి తోశాం. రాయి కదలడం లేదు. నువ్వు రా."

దాసీలు తలలు తిప్పి చూశారు. మట్టికాళ్ళతో చీర తొక్కబోతున్న కొడుకును నాగిశెట్టి చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు.

"బడి వదిలేసి వచ్చావా? అయ్యవారు తిరిగొచ్చాక ఆయనే తీయిస్తారు. నువ్వెళ్ళి నీ చోట కూర్చో."

"లోపలి నుంచి కొడుతున్నాడు నాన్నా. చప్పుడు తగ్గిపోతోంది."

"వెళ్ళమన్నానా?"

చెన్నడు వెళ్ళాడు. దారిలో కనబడినవాళ్ళనల్లా బతిమాలాడు. అయ్యవారి బడి వ్యవహారంలో తల దూర్చడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పొద్దు వాలే వేళకు అయ్యవారు కోట నుంచి పల్లకీలో తిరిగివచ్చారు. రాయి తీయించారు. లింగణ్ణి పైకి తెచ్చారు. వాడిలో ప్రాణం లేదు.

"ఆడుకుంటూ పాతరలో పడ్డాడు. నేను కోటలో ఉన్నాను. నా బడికి ఇదెంత అపకీర్తి" అని అయ్యవారు అందరితోనూ చెప్పారు. అంత పెద్దాయన మాట గనక ఊరు నమ్మింది.

నాగిశెట్టి మర్నాడు ఓబమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె సగం అల్లిన చాప మీద కూర్చుని ఉంది. కళ్ళలో తడి లేదు. అతన్ని చూసి నెమ్మదిగా అంది.

"నాకూ చెప్పాడు శెట్టిగారూ. బడి ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నాడని చీపురుతో కొట్టి పంపాను. ఏడ్చి ఏడ్చి, ఫరవాలేదులే అమ్మా అన్నాడు. చెన్నడు వాళ్ళ నాన్నకు చెప్పాడంట. శెట్టిగారు పెద్దవారు, ఆయన వచ్చి మాన్పిస్తారు అన్నాడు. మీరొస్తారని చూశాడు."

నాగిశెట్టి ఇంటికి వచ్చాడు. చెన్నడు గడప మీద కూర్చుని ఉన్నాడు. అతనూ ఆ గడప మీదే, కొడుకు పక్కన కూర్చున్నాడు.

"చెన్నా, మొదటి నుంచీ చెప్పు. చివరిదాకా వింటాను."

చెన్నడు తల ఎత్తలేదు. "చెబితే మళ్ళీ అయ్యవారి ముందు నిలబెడతావా?"

"నిలబెట్టను."

"మళ్ళీ బడికి పంపుతావా?"

"పంపను."

అప్పుడు చెన్నడు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిసారి దింపిన రోజు నుంచి చెప్పాడు. పొట్టు కంపు గురించి, గొంతు ఎండిపోవడం గురించి, తండ్రి కాళ్ళు మొక్కించిన రోజు గురించి చెప్పాడు. నాగిశెట్టికి ఎన్నోసార్లు అడ్డుపడాలనిపించింది. నేను అలా అనుకోలేదురా అని చెప్పుకోవాలనిపించింది. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు. వాడు ఆగినప్పుడల్లా "తర్వాత?" అని మాత్రమే అడిగాడు. చివరికి లింగడి చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో చెప్పి, చెన్నడు తండ్రి ఒడిలో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాగిశెట్టి తిన్నగా కొలువుకు వెళ్ళాడు. జరిగినది దాచకుండా చెప్పాడు. మహారాజు ముఖం చిట్లించాడు.

"శెట్టీ, నేనూ ఆ బడిలోనే చదివాను. ఆ పాతరలో నన్నూ దింపారు. నాకేమైంది? ఈ సింహాసనం మీద కూర్చున్నాను."

"ప్రభూ, తమరు పైకి వచ్చారు గనక ఈ మాట చెబుతున్నారు. పైకి రానివాడి తరఫున ఎవరు చెప్పాలి?" అన్నాడు నాగిశెట్టి.

రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు.

"నీ కొడుకు అబద్ధమాడటం లేదని ఎలా నమ్మను?"

"నమ్మవద్దు ప్రభూ. విచారించండి. పిల్లలందర్నీ పిలిపించండి. అయ్యవారి ఎదుట అడగకండి. నేను అలా అడిగే చెడ్డాను. ఒక్కొక్కణ్ణి వేరుగా, తల్లి పక్కన కూర్చోబెట్టి అడగండి. ఇంకొకటి కూడా విన్నవించాలి. ఆ పాతర సంగతి నాకు తెలుసు. నా కొడుకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నేను లేచి వెళ్ళి ఉంటే లింగడు బతికేవాడు. శిక్ష వేసేటప్పుడు నన్ను మరిచిపోకండి."

రాజు పిల్లల్ని పిలిపించాడు. సింహాసనం దిగి నేల మీద కూర్చుని ఒక్కొక్కరినే అడిగాడు. మొదట ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు రాజు, "ఆ మధ్యాహ్నం మీకు ఏం వినబడింది?" అని మాత్రం అడిగాడు. మొదటి పిల్లవాడు పిడికిలి బిగించి నేల మీద కొట్టి చూపించాడు. ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఆ తర్వాత చెయ్యి ఆగిపోయింది. రెండోవాడు వేరే గది నుంచి వచ్చాడు. వాడూ అలాగే కొట్టి చూపించాడు. మూడోవాడూ అలాగే కొట్టాడు. ఆపైన రాజు ఇంకెవరినీ అడగలేకపోయాడు.

అయ్యవారిని పాతర దగ్గరికి రప్పించారు.

"ఇందులో దిగితే ఏమీ కాదని తమరు శెట్టితో అన్నారట. అయితే కాసేపు దిగండి గురువుగారూ. రాయి మూయించను" అన్నాడు రాజు.

మార్కండేయులు నిచ్చెన మీద ఒక కాలు పెట్టారు. రెండో కాలు కదల్లేదు. పాతర గట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

"నా వల్ల కాదు ప్రభూ. నా చిన్నప్పుడు మా గురువు నన్ను ఇందులోనే దింపేవాడు."

"ఆ రోజుల్లో మీరు ఎవరికైనా చెప్పుకున్నారా?"

"మా నాయనకు చెప్పాను. మళ్ళీ దింపమని ఆయనే చెప్పి వెళ్ళాడు."

రాజు పాతరలోకి ఒకసారి తొంగిచూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "మీరు పడ్డ బాధ నిజమే. అయితే అది ఎలా ఉంటుందో తెలిసి తెలిసి పిల్లల్ని అందులో దింపారు. ఒక పిల్లవాడు చనిపోతే అబద్ధమాడారు. ఇకమీదట ఏ పిల్లవాడి ముందూ మీరు గురువుగా కూర్చోకూడదు." భటులు ఆయన్ని కారాగారానికి తీసుకువెళ్ళారు. ఆనాడే పాతరను మట్టితో పూడ్చేశారు.

నాగిశెట్టి చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. రాజు అతని వైపు తిరిగాడు.

"నిన్ను శిక్షించాలంటే ముందు నన్ను నేను శిక్షించుకోవాలి. రాజునై ఇన్నేళ్ళయినా, ఈ గొయ్యి ఎలాంటిదో తెలిసి కూడా, నేను దీన్ని పూడ్పించలేదు. ఇంటికి వెళ్ళు. నీ కొడుకు మాట విను."

న్యాయం జరిగింది. కానీ లింగడు తిరిగి రాలేదు. ఓబమ్మ ఆ తర్వాత చాపలు అల్లలేదు. నాగిశెట్టి రోజూ అన్నం తీసుకువెళ్ళి ఆమె అరుగు మీద పెట్టేవాడు. ఆమె తినేది. అతన్ని ఒక్కమాట కూడా నిందించలేదు. ఆమె నిందిస్తే బాగుండునని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

చెన్నడు కొత్త అయ్యవారి దగ్గర చదువుకున్నాడు. ఆయన మంచివాడు. అయినా నాగిశెట్టి సాయంత్రం అంగట్లో ఎంత బేరం ఉన్నా లేచి, కొడుకు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండేవాడు. ఎదురుగా కూర్చుని, ఇవాళ ఏం జరిగిందని అడిగేవాడు. చాలాకాలం చెన్నడు ఏమీ లేదనే చెప్పాడు. మూడు మాటలు చెప్పి ఒక్కసారి కూడా ఫలితం చూడని పిల్లవాడు, నాలుగో మాట అంత సులువుగా చెప్పడు గదా. అయినా నాగిశెట్టి రోజూ అడిగాడు. చెప్పకపోయినా పక్కనే కూర్చున్నాడు.

కాబట్టి పిల్లవాడు తన బాధ చెప్పుకున్నప్పుడు ముందు చివరిదాకా వినాలి, తర్వాత వాడికి భయం లేనిచోట నిజం విచారించాలి. వినకుండా తోసేసిన మాటకు మూల్యం చెల్లించేది పిల్లవాడే.