చుక్కి వెతికిన రంగురాయి

అనగనగా ఒక అడవిలో ఒక పలుగురాళ్ళ గుట్ట ఉండేదట. ఆ గుట్ట కింద పొదలో చుక్కి అనే అడవికోడి తన మూడు పిల్లలతో కాపురముండేది.

కోళ్ళకు పళ్ళుండవు కదా. అందుకని చిన్న చిన్న రాళ్ళు మింగుతాయి. కడుపులో గింజల్ని నూరేది ఆ రాళ్ళే. చుక్కి పిల్లలు పురుగులు మాని గింజలు తినే ఈడుకొచ్చాయి. ఇక రాళ్ళు మింగించాలి.

గుట్ట మీదా, చుట్టుపక్కలా రంగురంగుల రాళ్ళే. పాలలా తెల్లనివి, నీళ్ళలా తేటగా ఉన్నవి, ఊదావి, గులాబీవి, పొగరంగువి. చుక్కికి బెంగ పట్టుకుంది. తప్పు రాయి మింగిస్తే పిల్లలేమైపోతాయో? నెమలినడిగితే ఊదారాయే మేలంది. కౌజుపిట్ట గులాబీది చలవ చేస్తుందంది. తేటరాయి తప్ప ఏదీ పనికిరాదని కాకి కొట్టిపారేసింది.

"నేను మంచి రాయి తెచ్చేదాకా మీరు ఏ రాయీ ముట్టుకోవద్దు" అని చుక్కి పిల్లలకు గట్టిగా చెప్పింది.

మొదటిరోజు ఊదారాయి కోసం గుట్టెక్కింది. రెండోరోజు గులాబీరాయి కోసం లోయలోకి దిగింది. దొరికినవన్నీ పిల్లల గొంతులో పట్టనంత పెద్దవి. మూడోరోజు తేటరాయి కోసం వాగంతా గాలించి, వట్టి ముక్కుతో తిరిగొచ్చింది.

వచ్చేసరికి చిన్నపిల్ల ఒరిగిపోయి ఉంది. నూరే రాయి లేక, తిన్న గింజలతో మెడకింద మేతసంచి ఉబ్బి బిగుసుకుపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. చుక్కి వాగుగట్టున ఉండే ముసలి తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, ఏ రంగు రాయి మింగించను? ఈసారి తప్పితే నా బిడ్డ దక్కదు."

"ఊదాదీ పలుగురాయే, గులాబీదీ పలుగురాయే, తేటదీ పలుగురాయే తల్లీ. ఏ రంగుదైనా గింజను ఒకేలా నూరుతుంది. నీ కాళ్ళకింద ఉన్నదీ అదే" అంది తాబేలు.

చుక్కి కిందికి చూసింది. మట్టి కొట్టుకుపోయిన తెల్లని గులకలు. నాలుగు ఏరుకుని పొదకు పరుగెత్తి, మగతలో ఉన్న బిడ్డ నోట్లో ఒక్కొక్కటే పెట్టింది. ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చి తాగించింది. ఇక చేసేదేమీ లేదు. రెక్క కింద పొదువుకుని కూర్చుంది. బిడ్డ ఊపిరి ఆగినట్టనిపించినప్పుడల్లా వంగి చెవి ఆనించింది.

పెద్దపిల్లలు రెండూ తలలు వంచుకుని దగ్గరికొచ్చాయి. తిన్న గింజలు అరగక, ఆగలేక మొదటిరోజే దొంగతనంగా గులకలు మింగామని చెప్పాయి. అమ్మ మాట విన్నది చిన్నది ఒక్కటే.

చుక్కి వాటినీ రెక్క కిందికి తీసుకుంది. తప్పంతా తనదేనని కుమిలిపోయింది.

పొద్దు వాలేవేళకు మేతసంచి కాస్త మెత్తబడింది. చిన్నపిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, ఇప్పుడు రాయి మింగొచ్చా?" అని అడిగింది.

"మింగు తల్లీ. నీకు నచ్చింది మింగు" అంది చుక్కి.

నీతి: రంగులెన్నున్నా రాయి ఒక్కటే. అతి జాగ్రత్తతో అవసరాన్ని వాయిదా వేస్తే, ఆ జాగ్రత్తే ముప్పు తెస్తుంది.