ఉప్పెన తర్వాత సన్నజాజి

అనగనగా, సముద్రానికి దగ్గర్లో ఒక ఊరుండేది, బంగారూ. ఆ ఊరికి పైడితల్లి అనే పిల్ల కోడలిగా వచ్చింది. వచ్చేటప్పుడు వాళ్ళమ్మ సన్నజాజి అంటు కట్టి చేతికిచ్చింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే వాళ్ళమ్మ పోయింది.

పొద్దువాలితే పైడితల్లి, పెరట్లో నాటుకున్న ఆ తీగ పక్కన చేరి మొగ్గలు కోసుకునేది. ఆ వాసనకి పుట్టింటి వాకిలి కళ్ళకి కట్టేది. వాళ్ళమ్మ జడలు వేసిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చేవి.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. జనమంతా మెరకకి వెళ్ళి బతికారు. తిరిగొచ్చేసరికి పెరడంతా సముద్రపు నీళ్ళు తాగి ఉంది. కింద నేల తడిగానే ఉంది, పైన తీగ వాడిపోతోంది.

అప్పుడు పైడితల్లి పెరటి నూతిలో నీళ్ళు తోడి పోసింది. తీగ ఇంకా వాడింది. ఆ తర్వాత తాటాకులతో నీడ కట్టింది. ఆకులు రాలడం మొదలైంది. పీకేసి ఇంకోటి నాటుకోమన్నారు ఇరుగుపొరుగువాళ్ళు.

అప్పుడు వాళ్ళత్త సూరమ్మ దోసకాయ తరిగి, ముక్కలకి ఉప్పు పట్టించి, గిన్నె కోడలి ముందు పెట్టింది. కాసేపటికి ముక్కలు మెత్తబడి గిన్నెలో నీళ్ళూరాయి.

"ఈ నీళ్ళు నేను పొయ్యలేదు తల్లీ. ముక్కలో ఉన్నవే, ఉప్పు బయటికి లాగింది. నీ తీగకీ ఇదే జరుగుతోంది" అంది సూరమ్మ.

ఎలాగంటావా? మొక్క ఒళ్ళంతా కంటికి ఆనని చిన్నచిన్న గదులే. ఒక్కో గదికీ పల్చటి పొర ఉంటుంది. అది నీళ్ళని ఇట్టే పోనిస్తుంది, ఉప్పుని అంత తేలిగ్గా పోనివ్వదు. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్ళు అటు నడుస్తాయి. ఉప్పెన తర్వాత మట్టిలో ఉప్పే, నూతిలో ఉప్పే. వేళ్ళలో నీళ్ళు కూడా బయటికే నడిచాయి. పాపం, తడిలో నిలబడే తీగ దాహంతో ఎండింది.

ఆ తర్వాత పైడితల్లి పెనిమిటి అప్పన్న ఉప్పునీళ్ళు పల్లానికి పోయేలా కాలవ తవ్వాడు. అత్తాకోడళ్ళు ఉప్పెన అందని ఇసక దిబ్బల్లో చెలమలు తీసి, మంచినీళ్ళు మోసుకొచ్చి పోశారు. భుజాలు కాయలు కాచేదాకా పోశారు. ఉప్పు కరిగి, కిందికి దిగి, కాలవ వెంట పోయింది.

తీగ మొత్తం ఎండిపోయింది. మొదలు దగ్గర మాత్రం ఒక చిగురు లేచింది.

అది చూసి పైడితల్లి, కన్నతల్లి పోయిన రోజున కూడా ఏడవని పిల్ల, అత్త ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. సూరమ్మ కోడలి తల నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి పైడితల్లి కళ్ళు తుడుచుకుని, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. అత్తని అమ్మా అనడం అదే మొదలు.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ కంటి దారి పట్టింది.