నూకయ్య తువ్వాలు

ఏటి మీద వంతెన లేని కాలంలో, మన తాతలకు ఇంకా మీసాలు రాని కాలంలో, నూకయ్య అని ఒక పడవవాడు ఉండేవాడు. అతనికి ఉన్నవి మూడే. ఒక పడవ, ఒక వెదురు గడ, భుజం మీద ఒక ఎర్ర తువ్వాలు. అక్షరం ముక్క రాదు. అయినా ఇవతలి మూడు ఊళ్ల పిల్లలు అవతలి ఒడ్డున ఉన్న పెద్దబడికి వెళ్లాలంటే అతని పడవే దిక్కు.

ఒకనాడు పొద్దున్నే నూకయ్య గంజి తాగడానికి పాకలోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తాడు ఊడి, పడవ మెల్లగా ఏట్లోకి పోతోంది. అక్కడ మోకాలిలోతు నీళ్లే. ఒడ్డున పదిమంది పిల్లలున్నారు. మూతి మీద నూగుమీసం వస్తున్నవాళ్లూ, ఓణీలు వేసుకున్నవాళ్లూ. పుస్తకాలు గుండెకి హత్తుకుని వరసగా నిలబడి, పోతున్న పడవని చూస్తున్నారు.

నూకయ్య నీళ్లలో పడి పరిగెత్తి పడవని పట్టుకొచ్చాడు.

"పడవ పోతంటే సూస్తా నిలబడ్డారేట్రా?" అన్నాడు రొప్పుతూ.

"పట్టుకోమని నువ్వు సెప్పనేదు గదా తాతా," అన్నారు వాళ్లు.

ఆ మాటకి నూకయ్యకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంత చదువుతున్నారు, ఎవరో చెబితే గాని కాలు తడుపుకోరా అని ఒకటే దిగులు. మూడో రోజు పిల్లలు పడవెక్కగానే గడ తీసి వాళ్ల ముందు పెట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి మీరే నడపండి. నీళ్లకి తొందర నేదు, నాకూ తొందర నేదు. కానీండి."

మొదట ఎర్నాయుడు లేచాడు. లెక్కల్లో బడికంతటికీ మొదటివాడు. ఏరు ఎంత వెడల్పో, ఎక్కడ ఎంత లోతో చెప్పి మరీ గడ పట్టాడు. పడవ గానుగెద్దులా మూడు చుట్లు తిరిగింది. నూకయ్య చెయ్యి దానంతటదే వెళ్లి గడ లాక్కుంది.

మర్నాడు సింహాద్రి లేచాడు. వాడికి అన్నీ తొందరే. గడని బురదలోకి ఒక్క పోటు పొడిచాడు. గడ దిగబడింది, పడవ ముందుకి పోయింది, సింహాద్రి గడని కౌగిలించుకుని ఏటి మధ్యలో వేలాడుతూ ఉండిపోయాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నూకయ్య అరచేతులతో నీళ్లు తోసి పడవ వెనక్కి తిప్పి వాణ్ణి దింపుకుని, మళ్లీ గడ లాక్కున్నాడు.

ఆ మర్నాడు సన్నాసమ్మ వంతు. ఆ పిల్ల మాట పెదవి దాటదు. మేస్టారు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా తల దించుకుంటుంది. ఈ యేడు పరీక్ష పోతే బడి మాన్పించేస్తానని తండ్రి ముందే చెప్పేశాడు. సన్నాసమ్మ చెయ్యి చాచిందో లేదో, నూకయ్య గడ అందుకున్నాడు.

"ఒగ్గేయే గుంటా, నీ వల్ల కాదు."

ఆ పిల్ల వెళ్లి మూల కూర్చుంది. ఆ మాట అలవాటైపోయినట్టే కూర్చుంది. నూకయ్య చూశాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"తప్పు నీది కాదే గుంటా, ఈ సేతులది," అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఈటికి బుద్ది నేదు. కట్టీ. నీళ్లకి తొందర నేదు, నాకూ తొందర నేదు."

సన్నాసమ్మ కట్టింది. లాగితే ఊడే ముడే. కానీ నూకయ్య లాగలేదు. ఆ రోజు మొదలు ప్రతి రోజూ అతని చేతులు వెనక్కి కట్టేవాళ్లు. పడవ తిరిగేది, ఇసుక మేట ఎక్కేది, పిల్లలు తిట్టుకునేవాళ్లు, మళ్లీ కలిసేవాళ్లు. నూకయ్య పళ్లు బిగించుకుని కూర్చునేవాడు.

ఒకరోజు జగన్నాథం మేస్టారు కూడా అదే పడవెక్కారు. ఆయన పెద్దబడికి పెద్ద మేస్టారు. పడవ ఒడ్డు చేరేసరికి బడి గంట కొట్టేసి చాలాసేపయింది.

"ఏమయ్యా, నీ బద్ధకానికి నా పిల్లల చేత గడ వేయిస్తావా? చదువు సంగతి నేను చూసుకుంటాను. పడవ సంగతి నువ్వు చూసుకో!" అని కేకలేశారు.

"సదువు తమరే సెప్తన్నారు బాబూ," అన్నాడు నూకయ్య. "నానేటీ సెప్పడం నేదు. ఊరికే కూకుంటన్నాను. అదే శానా కష్టంగా ఉంది."

మేస్టారికి ఆ మాట తలకెక్కలేదు. విసవిసా వెళ్లిపోయారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఎగువన వాన పడి ఏరు ఎర్రగా పారుతోంది. నూకయ్యకి మూడు రోజులుగా జ్వరం. కర్ర పట్టుకుని రేవుకొచ్చి, పడవలో చతికిలబడ్డాడు. సన్నాసమ్మ అలవాటుగా తువ్వాలు అందుకుంది.

"ఇయ్యాల అక్కర్నేదే గుంటా," అన్నాడు నూకయ్య. "ఆటంతట అయే ఊరుకున్నాయి."

నిజంగానే అతని చేతులు ఒళ్లోంచి లేవడం లేదు.

ఎర్నాయుడు, సింహాద్రి, సన్నాసమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్నాయుడు నీటి వాలు చూసి, పడవని ఎగువకి లాక్కెళ్లి వదలాలన్నాడు. సింహాద్రి గడ పట్టాడు. సన్నాసమ్మ ముందు నిలబడింది. "ఆగు! ఇప్పుడు తొయ్! ఆగు!" అని అరిచింది. ఆ గొంతు అవతలి ఒడ్డుకి వినపడింది. మూడుసార్లు వరద పడవని లాగింది. మూడుసార్లూ వాళ్లు వెనక్కి తెచ్చుకున్నారు.

అవతల జగన్నాథం మేస్టారు పంచె తడిసిపోతున్నా నీళ్లలోకి దిగి, పడవ కోసం రెండు చేతులూ చాచారు.

"ఒగ్గేయండి మేస్టారూ! మేం తెస్తాం!" అంది సన్నాసమ్మ.

మేస్టారి చేతులు గాలిలో ఆగాయి. ఆయన మెల్లగా ఆ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. పడవ ఇసుకని తాకింది. పిల్లలు పరీక్షకి పరుగెత్తారు.

మేస్టారు పడవలోకి ఎక్కి నూకయ్య తల ఒళ్లో పెట్టుకున్నారు. నూకయ్య కళ్లు తెరవకుండానే అడిగాడు.

"పడవ కట్టీసారా బాబూ?"

మేస్టారు ఒడ్డు వైపు చూశారు. అంత హడావిడిలోనూ తాడు గుంజకి గట్టిగా బిగించి ఉంది.

"కట్టారు నూకయ్యా," అన్నారు మేస్టారు. "ఎవరూ చెప్పకుండానే కట్టారు."

నూకయ్య మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆ తర్వాత వంతెన వచ్చింది. పడవ పోయింది. కానీ ఆ పెద్దబడిలో ఇప్పటికీ ఏడాదికొక రోజు గంట కొట్టేదీ, వంట చేసేదీ, తగవులు తీర్చేదీ పిల్లలే. పంతుళ్లంతా ఎర్ర తువ్వాళ్లతో చేతులు వెనక్కి కట్టించుకుని అరుగు మీద కూర్చుంటారు. అన్నం మాడిన వాసన వచ్చినా లేవకూడదు.

ఆ మూడు ఊళ్లలో ఏ తల్లైనా కూతురు ముగ్గు పెడుతుంటే "నీకు రాదు, ఇలా తే" అని పిండి లాక్కోబోతే, పక్కింటి ముసలమ్మ ఊరుకోదు. "తువ్వాలు తెమ్మంటావేటే?" అంటుంది. తల్లి నాలుక కరుచుకుని చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

ముగ్గు వంకరగానే వస్తుంది. దాన్ని ఎవరూ దిద్దరు.