గట్టు మీది మూడు కొంగలు

మీరావలికి ఆ పూట కాలు నిలవడం లేదు. తెల్లారితే బస్సు. సొంతూళ్ళో జనం కొత్త పాక వేసి, చాపలు పరిచి, మా గురువొస్తున్నాడని కాచుక్కూచున్నారు. చిన్న విషయమా మరి! ఇక రావలసిందల్లా జైనుల్లా షా గారి సెలవు.

షా గారు ఫకీరు. కొల్లేటి గట్టున తాటాకు గుడిసె ఆయనది. ఏడాది కిందట ఈ శిష్యుడికి ఒకటే పని పెట్టారు. "ఇక్కడి పిట్టల్లో ఒక్కదాన్ని పూర్తిగా తెలుసుకో మీరా. ఆ రోజున వెళ్ళి నలుగురికీ చెబుదువుగాని."

"ఒకటి కాదు బాబా, మూడు తెలుసుకున్నాను" అన్నాడు మీరావలి. "మట్టిరంగుది గుడ్డికొంగ. మీదిమీదికెళ్ళినా కదలదు, చూపుండదు పాపం. తెల్లరెక్కలది వేరు. అది ఎప్పుడూ ఎగురుతూనే ఉంటుంది, వాలగా నేను చూళ్ళేదు. మూడోది వక్కరంగు వీపుది. తొలకరికి ఎక్కణ్ణించో దిగుతుంది."

"ఆ తెల్లదానికి కాళ్ళు లేవేమో."

"ఉన్నాయి బాబా. ఎగిరేటప్పుడు వెనక్కి చాపుతుంది."

షా గారు లుంగీ ఎగ్గట్టి బురదలోకి దిగారు. వెనకే మీరావలి. తుంగ పక్కన మట్టిరంగు కొంగ, మెడ భుజాల్లోకి లాక్కుని, మట్టిపెళ్ళలా నిలబడి ఉంది. నాలుగు బారలు, మూడు, రెండు. కదల్లేదు. ఆయన చప్పట్లు చరిచారు.

తెల్లటి రెక్కలు విప్పుకుని ఒక కొంగ లేచిపోయింది.

మీరావలి వంగి తుంగంతా వెతికాడు. "ఈ తెల్లది ఎక్కణ్ణించి వచ్చింది బాబా? మట్టిరంగుది ఏమైంది?"

ఆయన అటు చూడమన్నట్టు గడ్డం ఎత్తారు. తెల్లది అవతల వాలి రెక్కలు ముడిచింది. అంతే, తెలుపు లేదు. అక్కడ మట్టిరంగుది నిలబడి ఉంది. షా గారు దాని దగ్గరికెళ్ళి మళ్ళీ చరిచారు. మళ్ళీ తెలుపు.

మీరావలి రెండు వేళ్ళు చాపాడు. ఒకటి ముడిచాడు. మళ్ళీ చాపాడు.

"పోనీ, ఆ వక్కరంగుదన్నా వేరేదే కదా బాబా?"

"తొలకరి రానీ, చూద్దాం."

"తెల్లారితే బస్సు. మావాళ్ళకి ఏమని కబురంపను?"

"ఉన్నదే చెప్పు."

ఉన్నదేమిటో చూద్దామని మీరావలి, కొంగకి నాలుగు బారల దూరంలో, ఆ బురదలోనే గొంతుక్కూచున్నాడు.