తలగడలో పన్నెండు మాటలు

హిమజకు పొద్దుటినుంచీ ఒకటే చికాకు. తను గీసిన యాప్ తెరలు ముచ్చటగా ఉన్నాయని ఊరంతా మెచ్చుకుంది. జోగారావు మాస్టారు మాత్రం పెదవి విప్పలేదు.

ఆయన ఒకప్పుడు రైల్వే స్టేషన్లలో బోర్డులు రాసేవారు. ఇప్పుడు విశాఖపట్నంలో కూర్చుని, యాప్‌లను జనానికి అర్థమయ్యేలా తీర్చిదిద్దడం నేర్పుతున్నారు. హిమజ చేసింది జానపద కళాకారుల పాటలు దాచే యాప్. బ్లాక్‌చెయిన్ మీదికి, అంటే ఒకేసారి వేల కంప్యూటర్లలో నిలిచే చిట్టా మీదికి, ఎక్కిన పాటను ఇక ఎవరూ చెరపలేరు. దాన్ని కొత్త ఫోన్‌లో తెరవాలంటే, యాప్ మొదట్లో ఇచ్చిన పన్నెండు మాటలు కావాలి. అవి పోతే, యాప్ చేసినవాళ్ళు కూడా తెరవలేరు.

"అంత గట్టి తాళం, మాస్టారూ!" అంది హిమజ. ఇప్పటికైనా ఆయన మెచ్చుకుంటారని ఆమె ఆశ.

మాస్టారు లేచి వెళ్ళి, బయట బెంచీ మీద కూర్చున్న ఒకావిడను లోపలికి తీసుకొచ్చారు. పేరు గున్నమ్మ. పాలకొండ దగ్గర పల్లె. జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పే తవిటయ్య భార్య. ఆయన పాటలు ఈ యాప్‌లోనే దాచుకున్నాడు. తవిటయ్య పోయి నెల దాటింది.

"పాత ఫోను నీళ్ళల్లో పడిపోనాది తల్లీ. ఇది కొత్తది. ఓపాలి ఆయన గొంతు ఇనిపించు," అంటూ ఫోన్ చాపింది.

ఫోన్ పన్నెండు మాటలు అడుగుతోంది.

"కాగితం మీద రాసుకోలేదా?" అంది హిమజ.

"రాసినాడు. నా కాడ సూదీ దారం అడిగి, దాన్ని తలగడలో ఎట్టి కుట్టీసినాడు. ఏటది అనడిగితే నవ్వీసి ఊరుకున్నాడు. పోయినోల్ల సాపా తలగడా ఇంట్లో ఉంచరు కదమ్మా. కాటికాడ కాల్చీసినారు."

హిమజ మాస్టారి వైపు చూసింది. ఆయన తన ఫోన్‌లో ఆ యాప్ తెర ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నువ్వు రాసిన హెచ్చరిక. ఆవిడకి చదివి వినిపించు."

ఎర్రటి అక్షరాలు. రెండు వారాలు దిద్దిన వాక్యాలు.

"ఈ పన్నెండు మాటలు ఎవరికీ చూపించకండి. మీ ఇంట్లోవాళ్ళకైనా చెప్పకండి." హిమజ చివరిదాకా చదివింది.

గున్నమ్మ తలూపింది.

"సెప్పనేదమ్మా. మీరు సెప్పినట్టే సేసినాడు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, తట్టుకునేది. హిమజకు ఏడుపు ఆగలేదు.

మాస్టారు ఓదార్చలేదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు ఆమె ముందుకు జరిపారు.

"ఇప్పుడు రాయి. చదివే మనిషి ఎదురుగా ఉంది."

చాలాసేపటికి ఒక్క వాక్యం పడింది.

"ఏటి రాసినావు తల్లీ? నాకు సదువు రాదు," అంది గున్నమ్మ.

హిమజ చదివింది. "మీ తర్వాత ఈ పాటలు ఎవరు వినాలి?"

గున్నమ్మ ఆ మూగ ఫోన్‌ను చెంగుతో తుడిచి, రొమ్ముకి ఆనించుకుంది.

"ఇలాగ అడిగుంటే, నా పేరే సెప్పీవోడు."