దివానుగారి గాదెకు జెర్రిపోతు

మా ముత్తవ్వ ఓబులమ్మ గుడిసె పక్కనే, కోటగోడ కట్టగా మిగిలిన రాళ్లన్నీ పారబోయించాడు దివాను రామభద్రయ్య. ఆ రాళ్లలో కట్లపాము చేరింది. నల్లటి ఒళ్లు, సన్నటి తెల్లచారలు. నేలమీద పడుకున్న పిల్లల చాపదాకా వచ్చిపోయేది.

రాళ్లు తీయించమని వేడుకుంటే దివాను తలైనా ఎత్తలేదు. "జెర్రిపోతై ఉంటుందిలేవే. కరిచినా ఏం కాదు, పో!"

మూడుసార్లు వెళ్లినా అదే మాట. కన్నబిడ్డలున్న మనిషి అనే మాటేనా అది?

నాలుగోసారి మూతకట్టిన కుండతో ఆయన ఇంటికే వెళ్లింది. "మీ గాదె నిండా ఎలుకలంట కదా సామీ. ఆ జెర్రిపోతును పట్టుకొచ్చినాను, వదిలిపోతా."

దివాను ఒక్క దూకున అరుగెక్కాడు. "ఒద్దే! అది కట్లపాము! నా పిల్లలున్నారే ఇంట్లో!"

ఓబులమ్మ మూత తీసింది. చార ఒక్కటీ లేని గోధుమరంగు పాము గాదె కిందికి జారుకుంది.

"ఇది నిజంగా జెర్రిపోతే సామీ, చేలో పట్టినాను. కట్లపాము ఇంకా ఆ రాళ్లలోనే, నా బిడ్డల పక్కనే ఉంది. అది ఏ పామో మీకూ తెలుసన్నమాట!"

పొద్దు వాలకముందే దివాను మనుషులు రాళ్లన్నీ ఎత్తేశారు.

పాముల సామి సుబ్బరాయుడి దయ, ఎవరికీ కాటు పడలేదు. ఆ చాపమీద పడుకున్న చిన్నపిల్లే మా అవ్వ.