గడకు కట్టిన తెల్లబట్ట

ఒక ఊళ్లో ఇనుము కరిగించే పెద్ద కొలిమి ఉండేది. దానికి తాటిచెట్టంత పొగగొట్టం. గొట్టం పక్కన ఒక గడ, గడకు ఒక తెల్లబట్ట.

ఆ బట్ట కట్టమన్నది ఎక్కడో దూరాన ఉన్న చక్రవర్తి. నలభై రోజుల్లో కొలిమి పొగకు బట్ట నల్లబడితే, గొట్టానికి మసిని పట్టే తడి జల్లెడ బిగించేదాకా కొలిమి ఆర్పేయాలని ఆయన శాసనం. ఏడాదికోసారి, ఆ నలభై రోజులు నిండిన నాడు, తెల్ల తలపాగా చుట్టుకున్న అధికారి వచ్చి, బట్ట చూసి, పుస్తకంలో రాసుకుని వెళ్లేవాడు. చూడమన్నది బట్టను కాబట్టి బట్టనే చూసేవాడు. తల పక్కకు తిప్పేవాడు కాదు. అంత నిక్కచ్చి మనిషి.

మరి అంత పొగలో బట్ట తెల్లగా ఎలా ఉండేదంటారా? ఊరి బట్టలుతికే నూకాలు దాన్నీ ఉతికేది. అధికారి వచ్చే రోజు తెల్లారేసరికి కొలిమి యజమాని మనిషి ఆ బట్ట దింపి ఆమె రేవుకు తెచ్చేవాడు. ఆమె దాన్ని చవుడు మట్టి కలిపిన నీళ్లలో ఉడకబెట్టి, బండకేసి బాది, జాడించి, ఆరేసి, అధికారి బండి ఊళ్లోకి వచ్చేలోపు ఇచ్చేసేది. రేవున్న గట్టు యజమానిదే. అందుకని ఏడేళ్లు నోరు మెదపలేదు. నిజం చెప్పాలంటే, ఆ మసిబట్ట తన చేతిలో మల్లెపువ్వులా తేలితే లోలోపల మురిసిపోయేది కూడా. చేతికొచ్చిన బట్టను మురికితో తిరిగివ్వకూడదని వాళ్లింట్లో నియమం. అలా ఇచ్చినవాళ్లు తమవాళ్లలో తలెత్తుకు తిరగలేరు.

ఎనిమిదో ఏడు నూకాలు కూతురికి దగ్గు పట్టుకుంది. ఆరేళ్ల పిల్ల. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, అన్నం ముద్ద నోట్లో పెడితే దగ్గు. దగ్గినప్పుడల్లా నోటికి అడ్డం పెట్టుకోమని పాతచీర చింపి ఒక గుడ్డ ఇచ్చింది తల్లి.

ఆ ఏడు గడబట్ట రేవుకు వచ్చిన పొద్దున, పిల్ల గుడ్డ కూడా ఉతుకులో ఉంది. నూకాలు రెండింటినీ బాన పక్కన పెట్టి చూసింది. గడబట్ట మీద ఏ నలుపో, పిల్ల గుడ్డ మీద అదే నలుపు. గోటితో గీకి చూసింది. వేళ్ల మధ్య నలిపి చూసింది. తేడా లేదు. ఏడేళ్లూ ఈ చేతులతోనే కదా ఉతికాను అని తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

గడబట్ట మడతపెట్టి, ఉతక్కుండానే తిరిగిచ్చేసింది.

యజమాని పరుగున వచ్చాడు. "ఏమే, ఒళ్లు బాలేదా?"

"బాగానే ఉంది దొరా."

"మరి ఉతకవేం?"

"ఉతికితే నా పిల్ల దగ్గు కూడా తెల్లబడుతుందా?"

"జల్లెడ బిగించాలంటే మూడు నెలలు కొలిమి ఆర్పాలి. అంతమంది నోటికాడ కూడు తీస్తావా?"

"మూడు నెలలు అందరం గంజి తాగుదాం. నా పిల్లకి మూడు నెలలున్నాయో లేదో చెప్పండి."

యజమాని మొహం మాడ్చుకుని, కొత్తబట్ట తెమ్మని పక్క ఊరి సంతకు మనిషిని తరిమాడు. ఈలోపు అధికారి బండి రానే వచ్చింది. ప్రతి ఏడూ దిగీ దిగగానే చూసి పోయేవాడు, ఈసారి కూర్చోక తప్పలేదు. గడకు వీపు పెట్టి కూర్చునేట్టు అరుగు మీద పీట వేశారు, కొబ్బరినీళ్లు ఇచ్చారు, మాటల్లో పెట్టారు. పొద్దు నడినెత్తికొచ్చి వాలేదాకా ఆయన ఆ గొట్టం కిందే కూర్చున్నాడు. కొత్తబట్ట వచ్చింది, ఆయన వీపు వెనక గడకెక్కింది. "తెల్లగానే ఉంది" అని అధికారి పుస్తకంలో రాశాడు. ఊరివాళ్లు చూశారు, ఎవరి పనికి వాళ్లు పోయారు.

బండెక్కబోతూ అధికారి తలపాగా తీసి చెమట తుడుచుకున్నాడు. తీరా చూస్తే, తలపాగా కుంపటి మీద పెట్టిన మూకుడు అడుగులా ఉంది.

రేవు దారిలోనే కదా. బండి ఆపించి నూకాలు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, వెళ్లగానే చక్రవర్తి ముందు నిలబడాలి. ఇది కాస్త ఉతికిపెట్టు."

నూకాలు తలపాగాను రెండు చేతులా అందుకుంది. యజమాని మనిషి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఆమె నీళ్లవైపు చూడలేదు. మసి అంతా పైకి కనబడేట్టు నాలుగు మడతలు పెట్టి, తిరిగి ఆయన చేతుల్లోనే పెట్టింది.

"ఏం, నీళ్లు లేవా?"

"నీళ్లున్నాయి. చవుడుంది. చేతులూ ఉన్నాయి బాబుగారూ. ఉతకను. చక్రవర్తికి ఇలాగే చూపించండి."

రేవు పక్క గుడిసెలోంచి పిల్ల దగ్గింది. ఆపకుండా దగ్గింది. అధికారి మొదటిసారి తల పక్కకు తిప్పి చూశాడు. తలపాగాను మళ్లీ చుట్టుకోలేదు. మడత విప్పకుండా పుస్తకం మీద పెట్టుకుని, ఒట్టి తలతో బండెక్కాడు.

"రేపటినుంచి నీకు ఈ రేవు లేదు" అన్నాడు యజమాని మనిషి.

"తెలుసు" అంది నూకాలు. బానలో నీళ్లు పారబోసి, బానను బోర్లించి, దాని మీద కూర్చుని, పిల్లను పిలిచి ఒళ్లోకి తీసుకుంది.